సున్నం కింద పేరు

పర్లాకిమిడిలో నా కొట్టు గోడ మీద
పేరు రాసేది కుముద్ మహారాణా.
అక్షరానికింత అని లెక్క.
ఒడియా గుండ్రాలకో రేటు, తెలుగు తలకట్లకో రేటు,
ఇంగ్లీషుకి మాత్రం తగ్గిస్తాడు:
"గీతలే కదమ్మా, అందులో పనేటుంది?"

మొదట "ఫెర్రాలైన్" అని రాయించాను.
రైసుమిల్లు హాపర్లు, షెడ్ల ట్రస్సులు, ఇనప మెట్లు,
అన్నీ అందులోనే గీసేదాన్ని.
కాశీనగర్ నించీ, గుమ్మ కొండల మీంచీ వచ్చేవాళ్ళు
నా పేరు ఏనాడూ అడగలేదు.
"ఫెర్రాలైనమ్మ కొట్టెక్కడ?" అనేవారు.

కంపెనీ ఉత్తరం పంపింది.
శుభవార్త. ఫెర్రాలైన్ ఇకమీదట నోవిక్స్ బిల్డ్.
పేరొక్కటే మారింది, మీకేమీ మారదు.
సున్నం కొట్టించి నోవిక్స్ రాయించాను.
ఆ పైయేడు బిల్డ్ పోయి నోవిక్స్ వన్ వచ్చింది.
ఆ వన్ లోపల మూడు రకాలు,
అందులో ఒకదాని పేరు మళ్ళీ ఫెర్రాలైన్.
అది నీళ్ళ పైపులు గీసేదట.

కుముద్ నిచ్చెన దిగకుండానే అడిగాడు:
"ఈపాలి సుద్దముక్కతో రాసీమంటారా?"

కోతల ముందు ధర్మానంద సాహు వచ్చాడు,
పెన్ డ్రైవు తాయెత్తులా మొలతాడుకి కట్టుకుని.
హాపరు మూతి రెండంగుళాలు పెంచాలి, అంతే.
గీసింది నేనే.
నా ఫైలు నాకే తెరుచుకోలేదు.
ఫోను చేస్తే అవతల ఒక తియ్యటి గొంతు,
"మీ దగ్గరున్నది ఏ ప్రోడక్టండీ?"
పేర్లన్నీ చెప్పాను,
పెళ్ళివారికి గోత్రం అప్పజెప్పినట్టు, వరసగా.
"ఆ పేరుతో మా దగ్గరేమీ లేదండీ."
సాహు నా మొహంలోకి చూసి, మెల్లిగా,
"ఏటమ్మా, అమ్మినోడే మరిచిపోనాడా?"

ఎదురు వరసలో బుడ్డేపు సింహాద్రి కొట్టు.
వాడిది దొంగ కాపీ, ఏనాటిదో.
నెట్టు తీగ పీకేసి మరీ వాడతాడు.
గోడ మీద ఇంకా ఫెర్రాలైనే, రంగు వెలిసి.
సాహు రోడ్డు దాటాడు.
నాకు కోపం రాలేదంటే అబద్ధం.
ఏడాదేడాదీ అద్దె కట్టేది నేను,
పేరు నిలిచింది వాడి గోడ మీద.

పేర్లకి జడిసే ఊరు కాదు మాది.
స్టేషన్లో ఒకలా, కచేరీ కాగితంలో ఇంకోలా,
మా మేనత్త నోట్లో ఒట్టి కిమిడి.
ఎవరెలా పిలిచినా మహేంద్రతనయ ఇటే పారింది,
ఎవరూ వేరే ఊళ్ళో దిగిపోలేదు.
గుణుపూర్ రైలుకి ఇరుకు పట్టాలు పీకి వెడల్పువి వేశారు.
ఇంజను మారింది, పెట్టెలు మారాయి, కూత కూడా మారింది.
ముసలాళ్ళు ఇప్పటికీ చిన్న రైలనే అంటారు,
అదే ఎక్కుతారు.
వీళ్ళు పేరొక్కటే మార్చామన్నారు.
నా పదకొండేళ్ళ గీతలు
ఆ పట్టాలకి పట్టలేదు.

శ్రావణం వానలకి గోడ నానింది.
కుముద్ సున్నం పొర పొరగా కారిపోయింది.
ముందు రకారం కింది వత్తు బయటపడింది,
తర్వాత దీర్ఘం,
ఆ తర్వాత పేరు పేరంతా,
నోవిక్స్ మీదుగా, తడిసి, నల్లగా.

మధ్యాన్నం గొడుగు ముడుస్తూ ఎలియాజర్ రైకా,
గుమ్మ నించి, చర్చి వసారా పని మీద.
గోడని కూడబలుక్కుని చదివి
"ఫెర్రాలైన్ ఇదేనా?" అన్నాడు.
ఒక్క క్షణం ఆగాను.
"ఇదే."

మొదటి గీత నించి కొత్తదాంట్లోనే గీశాను,
నాలుగు ట్రస్సులు, ఒక తోరణం,
గంట వేలాడదీయడానికి కొక్కెం.
ఫైలుకి పేరు పెట్టమని అడిగింది తెర.
ఆయన ఊరి పేరు పెట్టాను.
రెండు అచ్చులు తీశాను.
ఒకటి ఆయన చంకలో పాలిథీన్ సంచిలోకి,
రెండోది నా ఇనప్పెట్టెలోకి.

సాయంత్రం కుముద్ బకెట్టుతో వచ్చాడు.
"మళ్ళీ సున్నం కొట్టీమంటారా?"
బల్ల మీద కంపెనీ కొత్త ఉత్తరం ఉంది.
మొదటి మాట చదివాను, శుభవార్త.
మడిచి గ్లాసు కింద పెట్టాను.

"వానలు పోనీ," అన్నాను.